పాచికీ ఒక కన్ను

మన సంఘం కంటి శిబిరాల్లో పేర్లు రాసుకునే బల్ల దగ్గర కూర్చుంటే తల్లుల నోట తరచూ వినిపించే మాట ఒకటి ఉంది. "మగ్రిబ్ వేళ దాటితే వీడు గోడ తడుముకుంటూ నడుస్తాడు సార్." రేచీకటి అన్నమాట. ఆ పిల్లవాడి కంట్లో కొరవడినదేమిటో చెప్పాలంటే మేము తరగతిలో కుంటనీటితో మొదలుపెడతాం.

నిలవనీటిని పచ్చగా మార్చే జీవుల్లో క్లామిడోమోనాస్ ఒకటి. ఒళ్ళంతా కలిపి ఒకే కణం, మిల్లీమీటరులో నూరో వంతు. ఈదడానికి కొరడాల్లాంటి రెండు పోగులు, పక్కన ఒక నారింజ రంగు చుక్క. ఆ నీళ్ళను గాజుగ్లాసులో పోసి, నల్లకాగితం చుట్టి, ఒకవైపు చిన్న కిటికీ కోసి వెలుతురులో పెడితే కాసేపటికి పచ్చదనం ఆ కిటికీ దగ్గరికి చేరుతుంది. కన్నులేని జీవికి వెలుగు ఎటుందో ఎలా తెలిసింది?

చుక్క చూస్తుందని పిల్లలు వెంటనే అంటారు. అది చూడదు, ఒకవైపు నుంచి వచ్చే వెలుగును అడ్డుకునే తెర మాత్రమే. చూసే పని దానిమీది పొరలో ఉన్న ఛానెల్‌రొడాప్సిన్ అనే ప్రోటీనుది. కణం తన చుట్టూ తాను తిరుగుతూ ఈదుతుంది కాబట్టి ఆ ప్రోటీనుమీద వెలుగు పడుతూ, ఆగుతూ ఉంటుంది. పడినప్పుడల్లా ప్రోటీనులోని సన్నని దారి తెరుచుకుని విద్యుదావేశమున్న కణాలు లోపలికి వస్తాయి, కొరడాల ఊపు మారుతుంది, దిశ మారుతుంది. ఎండ మరీ ఎక్కువైతే అదే పద్ధతిలో వెనుదిరుగుతుంది కూడా.

ఆ దారిని తెరిచేది ప్రోటీను లోపల ఉన్న రెటినాల్ అనే చిన్న అణువు. వెలుగు తగిలితే అది మెలి తిరుగుతుంది. 1971లో ఉప్పునీటి సూక్ష్మజీవుల ఊదారంగు పొరలోనూ ఈ రెటినాల్‌నే కనుగొన్నారు. అక్కడ దాని పని చూడటం కాదు, ఎండతో శక్తిని తయారు చేయడం.

మన కంటిపొరలో మసకవెలుతురును పట్టే రొడాప్సిన్‌లో ఉన్నదీ రెటినాలే. పాచిలో తిన్నగా ఉన్నది వెలుగుకు వంగుతుంది, మన కంట్లో వంగి ఉన్నది తిన్నబడుతుంది, అంతే తేడా. అయితే పాచి దాన్ని సొంతంగా తయారు చేసుకుంటుంది. మనం చేసుకోలేం. ఏ విటమిన్ రూపంలో అన్నంలోంచే రావాలి. మునగాకు, తోటకూర, బొప్పాయి, గుడ్డు, బక్రీద్ నాడు చాలా ఇళ్ళల్లో ముందుగా పొయ్యికెక్కే కలేజీ, అన్నిటిలోనూ ఉంది. అది తగ్గితే మొదట రేచీకటి, పట్టించుకోకపోతే నల్లగుడ్డు పాడై శాశ్వతంగా చూపు పోతుంది.

హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ చేసిన పరీక్షల బలంతో 1970లో పిల్లలకు ఏ విటమిన్ మందు పట్టడం మొదలైంది. తొమ్మిదో నెలలో మొదటి మోతాదు, తర్వాత ఆరు నెలలకొకటి చొప్పున ఐదేళ్ళ వరకు, మొత్తం 9. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితం.

రేచీకటి అంతా ఈ లోపం వల్లే రాదు. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే వంశపారంపర్య జబ్బులో కంటిపొర కణాలే చనిపోతాయి. దగ్గరి చుట్టరికాల్లో పెళ్ళిళ్ళు జరిగే కుటుంబాల్లో దీనికి అవకాశం ఎక్కువ. ఈ మాట మన ఇళ్ళల్లో రుచించదని తెలిసే రాస్తున్నాం. ఆ జబ్బుతో చూపు పోయిన 58 ఏళ్ళ వ్యక్తి కంట్లోకి పాచికి చెందిన అలాంటి ప్రోటీను జన్యువును ఎక్కించగా, ప్రత్యేకమైన కళ్ళద్దాల సాయంతో ఆయన బల్లమీది వస్తువులను గుర్తించి లెక్కపెట్టగలిగారని 2021లో వెల్లడైంది. ముఖాలు పోల్చుకునే చూపు కాదది. ఇంకా పరిశోధన దశలోనే ఉంది, మన శిబిరాలకు అందేది కాదు.

మనకు అందేది ఆ 9 మోతాదులు. ఈ ఏడాది నుంచి శిబిరం పుస్తకంలో ప్రతి పిల్లవాడి పేరు పక్కన ఎన్ని మోతాదులు పడ్డాయో రాసే గడి ఒకటి, అమ్మానాన్నల చుట్టరికం రాసే గడి ఒకటి చేర్చమని కమిటీని అడిగాం.