పాత పడవ యంత్రమును విప్పి రంగు వేయు విధము

మన తీరగ్రామములలో చిన్న పడవల అమరమునకు తగిలించియుండు యంత్రమును చూడనివారుండరు. పైన ఇంజను, నడుమ పొడవైన కాలు, అడుగున నీటిలో తిరుగు పంకా, ఈ మూడును ఒక్క శరీరముగా కూర్చబడి రెండు బిగింపు మరలతో పడవ చెక్కను పట్టియుండును. పని తీరిన పిమ్మట దానిని విప్పి భుజముపై నిడుకొని ఇంటికి కొనిపోవచ్చును. ఇట్టి యంత్రము పాతబడినప్పుడు దానిని విప్పి, శుభ్రపరచి, తిరిగి రంగు వేయు విధమును, అంతకంటె ముఖ్యముగా ఆ రంగు వేయుటకు గల కారణమును ఈ వ్యాసమున వివరింపబూనితిని.

గడచిన వేసవిలో మా పదవ తరగతి విద్యార్థి యొకని తండ్రి తన యంత్రమును మా చేతిపనుల గదికి తెచ్చెను. ఎనిమిది గుఱ్ఱముల బలము, రెండు సిలిండర్లు గల యంత్రమది. దానిని అతడు అంతకుముందటి సంవత్సరము ఒక వర్తకునియొద్ద పాత సరకుగా కొనెనట. పైకి చూడగా ఎఱ్ఱని రంగుతో నిగనిగలాడుచు క్రొత్తదానివలెనే యుండెను. కాని యా సంవత్సరము రెండుమారులు అది వేడెక్కి మొగలోనే ఆగిపోయినది. ఏటినీరు సముద్రమున కలియు ఆ చోట అలలు విరుగుచుండును. అచ్చట ఇంజను ఆగినచో పడవ అడ్డము తిరుగును. అడ్డము తిరిగిన పడవను బోర్లించుటకు ఒక్క అల చాలును. తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, మొత్తము 61 దినములు, చేపలు గ్రుడ్లుపెట్టు కాలమని యంత్రపు పడవల వేటకు నిషేధము కలదు. వలలు బాగుచేసికొనుటకు, పడవలకు మరమ్మతులు చేయించుటకు బెస్తవారికి అదియే తరుణము. ఆ గడువులోపల యంత్రమును సరిచేసి యిత్తుమని మేమొప్పుకొంటిమి.

పని చెప్పుటకు ముందు ఈ యంత్రము పుట్టుక నొకింత చెప్పవలసియున్నది. ఏలయనగా రంగు సంగతి యంతయు అందులోనే యిమిడియున్నది. అమెరికాలోని డెట్రాయిటు నగరవాసి కామెరాన్ వాటర్‌మన్ ఇట్టి యంత్రమునకు 1907లో పేటెంటు పొందెను. నార్వేలో 1877లో పుట్టి బాల్యముననే అమెరికాకు వలసవచ్చిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో మిల్వాకీ నగరమున తన యంత్రమును అమ్మకమునకు తెచ్చెను. వేసవినాడు తన ప్రియురాలికి ఐస్‌క్రీము తెచ్చుటకై చెరువుపై మైళ్లకొలది తెడ్లు వేసి అలసిపోయినప్పుడు అతనికి ఈ యోచన పుట్టినదని యొక కథ చెప్పుదురు. ఆ మొదటి యంత్రము ఒకటిన్నర గుఱ్ఱపు బలము కలది. తూకము 62 పౌనులు. ఇనుముతో చేయబడినదగుటచే అంత బరువు. అందుచేత అతడే 1921లో అల్యూమినియము నెక్కువగా వాడి, రెండు సిలిండర్లతో, తేలికయైన మరియొక యంత్రమును తెచ్చెను. అల్యూమినియము బరువు ఇనుము బరువులో దాదాపు మూడవవంతు మాత్రమే. నాటినుండి ఈ యంత్రముల శరీరము అల్యూమినియమే యగుచు వచ్చినది.

బరువు తగ్గినది గాని చిక్కు వేరొకటి వచ్చినది. అల్యూమినియపు శరీరములో ఉక్కు బోల్టులు, ఇత్తడి బిరడాలు, ఉక్కు ఇరుసు ఉండును. రెండు వేర్వేరు లోహములు ఒకదానినొకటి తాకుచు ఉప్పునీటిలో నున్నచో అది విద్యుద్ఘటమే యగునని మన విద్యార్థులు ప్రయోగశాలలో చూచియున్నారు. ఆ ఘటములో కరగిపోవునది అల్యూమినియము. దీనికి మందు కూడ పాతదే. సర్ హంఫ్రీ డేవీ యను శాస్త్రజ్ఞుడు 1824లో ఓడల అడుగునగల రాగిరేకులకు ఇనుము, జింకు ముక్కలు తగిలించినచో ఆ ముక్కలే కరగి రాగి నిలుచునని చూపెను. (రాగి కరగుట మానిన వెంటనే దానికి నాచును గుల్లలును పట్టుకొని ఓడల వేగము తగ్గినదట! శాస్త్రమున ఒక చిక్కు విప్పగా మరియొకటి ఎదురగుట క్రొత్తగాదు.) మన పడవ యంత్రమున కూడ పంకాకు పైభాగమున ఒక జింకు ముక్క బిగించియుండును. శరీరమునకు బదులు అది కరగును. ఇక రంగు పని యేమనగా, ఉప్పునీటిని అల్యూమినియమునకు తగులనీయక ఎడముగా నుంచుట. రంగును జింకును కలిసి కాపాడవలెను. ఈ రెండు మాటలు మనసున నుంచుకొన్నచో తక్కిన పనియంతయు సులభముగా బోధపడును.

విప్పుట మొదలిడక మునుపు పెట్రోలును పూర్తిగా తీసివేసి, ప్లగ్గుల తీగెలు ఊడదీసి, చేతితో ఫ్లైవీలును త్రిప్పి చూడవలెను. తిరిగినచో లోపలి ముషలములు పట్టుకొనలేదని అర్థము. పిదప నలువైపుల ఛాయాచిత్రములు తీయవలెను. ఈ దినములలో చేతిలోని ఫోనే అందుకు చాలును. అయినను నేను పిల్లలచేత కాగితముపై బొమ్మ కూడ వేయించితిని. చిత్రము తీయువాడు చూడని తీగెను బొమ్మ గీయువాడు చూచును. విప్పిన బోల్టుల నన్నిటిని ఒక డబ్బాలో వేయుట సోమరుల పని. దళసరి అట్టపై ఆ భాగపు ఆకారము గీసి, ఏ బోల్టు ఏ రంధ్రమునుండి వచ్చినదో ఆ చోటనే అట్టకు గ్రుచ్చవలెను. పొడవు బోల్టు పొట్టి రంధ్రములో దూరినచో అల్యూమినియము పగులును.

బోల్టులు విప్పుటయే ఇందు మిక్కిలి ఓర్పు గోరు పని. ఉప్పుచే తుప్పు పట్టిన బోల్టు అల్యూమినియముతో ఏకమైపోయియుండును. బలవంతముగా పానా త్రిప్పినచో తల తెగి చేతికి వచ్చును, మొండెము లోపలనే మిగులును. ముందటి రాత్రియే తుప్పు వదలించు నూనె పోసి విడువవలెను. మరునాడు బోల్టు తలపై చిన్న సుత్తితో మెల్లగా తట్టి, మొదట రవంత బిగించి, పిమ్మట వదలించి, మరల బిగించి, ఇట్లు ముందుకు వెనుకకు ఆడించవలెను. అప్పటికిని కదలనిచో చుట్టునున్న అల్యూమినియమును వేడిచేయవలెను. వేడికి అల్యూమినియము ఉక్కుకంటె దాదాపు రెట్టింపు వ్యాకోచించును గనుక రంధ్రము వదులగును. సూత్రమును పుస్తకమున చదివిన పిల్లలు, రెండు దినములు మొండికెత్తిన బోల్టు వేడి తగిలిన నిమిషమునకు కిఱ్ఱుమని కదలగా చప్పట్లు కొట్టిరి. అయితే పెట్రోలు ఆవిరి యేమాత్రమున్నను మంట దగ్గరకు చేర్చరాదు. ఈ పని ఆరుబయట పెద్దల యెదుటనే జరుగవలెను.

క్రింది గేరు పెట్టెలోని నూనె తెల్లగా, పాలు కలిపినట్లు వచ్చినచో లోనికి నీరు దిగుచున్నదని తెలియును. మేము పంకాను ఊడదీయగా ఇరుసుచుట్టు నైలాను వలదారము మూరెడు చుట్టుకొని, రబ్బరు సీలును కోసివేసియుండెను. వల వేయువారి యంత్రములకిది సహజమైన రోగము. పంకాకును ఇరుసునకును నడుమ మెత్తని లోహపు చీల గల యంత్రములు కొన్ని కలవు. పంకా రాతికి తగిలినప్పుడు ఆ చీల తెగి గేర్లను కాపాడును. దానికి మారుగా ఇనుప మేకు కొట్టువారు కొందరు కలరు. అట్లు చేసినవారికి రెండు రూపాయల చీల మిగులును, వేలకొలది రూపాయల గేర్లు పోవును.

ఇక వేడెక్కుటకు కారణము. కాలులోపల రబ్బరు రెక్కల చిన్న చక్రము ఒకటి తిరుగుచు సముద్రపు నీటిని పైకి తోడి సిలిండర్ల చుట్టు త్రిప్పును. మా చేతికి వచ్చిన దానిలో రెండు రెక్కలు తెగిపోయి, ఆ ముక్కలు పై గొట్టములో ఇరుకుకొనియుండెను. సిలిండర్ల చుట్టునున్న త్రోవలలో ఉప్పు గడ్డకట్టి సున్నమువలె పేరుకొనెను. అంతకంటె ఆశ్చర్యకరమైనది వేరొకటి. నీరు లోనికి పోవు సన్నని చీలికలను వర్తకుని ఎఱ్ఱరంగే సగమునకు పైగా పూడ్చివేసినది! జింకు ముక్కపై కూడ ఆ రంగే దట్టముగా పూయబడియుండెను. రంగు క్రింద నుండు జింకునకు నీరు తగులదు. నీరు తగులని జింకు కరగదు. అది కరగనందున గేరు పెట్టె అంచు తేనెపట్టువలె తూట్లు పడినది. ఆ తూట్లపైనను రంగే. కొనువాని కన్నులకొఱకు వేసిన రంగు అది. యంత్రముకొఱకు వేసినది గాదు.

ఉప్పును గోరువెచ్చని నీటితోను, పలుచని వెనిగరుతోను నానబెట్టి, మెత్తని తీగెతో మెల్లగా తీసి, మంచినీటితో మరిమరి కడిగితిమి. ముషలము తలపైని మసిని కొయ్యపుల్లతో గీకవలెనే గాని ఉక్కు ఉలితో గీకరాదు. రబ్బరు చక్రమును, సీళ్లను, గాస్కెట్లను క్రొత్తవి కొంటిమి. వీనిలో పాతవానిని తిరిగి వాడుట పొదుపు గాదు.

పాత రంగు తీయునప్పుడు మూడు జాగ్రత్తలు కావలెను. పాత రంగులలో సీసము ఉండవచ్చును. మన దేశమున గృహములకు వాడు రంగులలో సీసము పదిలక్షల పాళ్లలో 90 మించరాదను నియమము 2017 నవంబరు 1 నుండి మాత్రమే అమలులోనికి వచ్చినది. అందుచేత పొడిగా గీచి ధూళి పీల్చరాదు, మంటతో కాల్చరాదు. గరుకు కాగితమును నీట తడిపి రుద్దవలెను. కాస్టిక్ సోడా ద్రావణముతో రంగు ఊడదీయు ఆలోచన పొరపాటున కూడ చేయరాదు. అది రంగుతోబాటు అల్యూమినియమును కూడ తిని, మండునట్టి హైడ్రోజను వాయువును విడుచును. ఇక మూడవది, ఇనుముపై వాడు ఎఱ్ఱసీసపు రంగును గాని, ఓడల అడుగున నాచు పట్టకుండ వేయు రాగి కలిసిన రంగును గాని దీనిపై వేయరాదు. ఆ లోహములే అల్యూమినియముతో ఘటముగా నేర్పడును.

రుద్ది శుభ్రపరచిన అల్యూమినియముపై క్షణములలో కంటికి కనబడని ఆక్సైడు పొర యేర్పడును. మామూలు రంగు ఆ నున్నని పొరను గట్టిగా పట్టుకొనలేదు. కావున లోహమును రవంత కొఱికి పట్టుకొను ఆమ్లము గల ప్రైమరును, శుభ్రపరచిన నాడే, పలుచగా వేయవలెను. పూర్వపు పుస్తకములలో ఇందుకు జింక్ క్రోమేటు వాడుమని యుండును. దానివలన పుట్టకురుపు కలుగునని తేలినందున పాఠశాలలో దానిని ముట్టరాదు. ప్రైమరుపై రంగును ఒక్కమారే దట్టముగా పూయక, పలుచని పూతలు మూడు, ఒక్కొక్కటి ఆరిన పిమ్మటనే వేయవలెను. తీరమున ప్రొద్దెక్కిన తరువాత సముద్రపుగాలి ఉప్పును మోసికొని వచ్చును. సాయంకాలపు చెమ్మకు రంగు మెరుపు చెడును. మేము ఉదయము ఎనిమిది మొదలు పదకొండు గంటలలోపలనే, తలుపులు మూసి గాదు గాని గాలి విసరు వైపున తడక కట్టి, పని ముగించుచుంటిమి. జింకు ముక్క, నీటి చీలికలు, రెండు భాగములు కలియు నున్నని ముఖములు, వీనికి రంగు తగులకుండ కాగితము అంటించితిమి. పిల్లలు ఏ రంగు వేయవలెనని ఒక పూట వాదించుకొని, తుదకు తెలుపునకు ఒప్పుకొనిరి. తెలుపుపై నూనె కారినను, తుప్పు తొంగిచూచినను వెంటనే కనబడును.

తిరిగి కూర్చునప్పుడు బోల్టులకన్నిటికి గ్రీజు పూసి, సిలిండరు మూతను నడుమనుండి అంచులకు, ఎదురెదురుగా కొంచెము కొంచెముగా బిగించితిమి. ఇట్టి ఇంజనుకు నూనె వేరుగా నుండదు, పెట్రోలులోనే కలుపవలెను. 50 పాళ్లకు ఒక పాలు కోరు యంత్రమునకు లీటరునకు 20 మిల్లీలీటర్ల నూనె. నీరులేక దానిని త్రిప్పరాదు. నిమిషము గడవకమున్నే రబ్బరు చక్రము మాడిపోవచ్చును. కావున పీపా నిండ మంచినీరు పోసి, అందులో కాలు ముంచి త్రాడు లాగితిమి. అయిదవ లాగునకు ఇంజను పలికెను. వెనుకనున్న చిన్న రంధ్రమునుండి నీటిధార ఎడతెగక వచ్చుచున్నదా లేదా యని అందరమును దానినే చూచితిమి. ధార వచ్చినది. ఇరువది నిమిషములు నడిపి సిలిండరు మూతపై చేయి పెట్టగా చేయి ఓర్చుకొనగలిగినది.

జూన్ 12వ తేదీని యంత్రమును అప్పగించుచు, వేటనుండి తిరిగివచ్చిన ప్రతిదినము దీనిని పది నిమిషములు మంచినీటి పీపాలో నడిపి లోపలి ఉప్పు కడుగవలెనని చెప్పితిని. అందుకు విద్యార్థి తండ్రి, "మాస్టారండీ, మా పేటలో తాగే నీళ్లే బండి మీద వస్తాయి గదండీ, ఇంజనుకు పీపాడు ఎక్కడనుంచి తెచ్చేదండీ?" అనెను. ఆ మాటలో న్యాయము కలదు. ఆలోచింపగా, పీపా నీటిని ప్రతిదినము మార్చనక్కరలేదని తోచినది. యంత్రములోని ఉప్పు పీపా నీటిలో కొద్దికొద్దిగా కలియును గాని ఒక్కనాటితో అది సముద్రమంత ఉప్పగాదు. గుడ్డ కప్పి యుంచి, నీరు నాలుకకు స్పష్టముగా ఉప్పగా తోచువరకు వాడి, అప్పుడు మార్చవలెనని ఏర్పాటు చేసికొంటిమి. వానకాలమున చూరునీటిని అదే పీపాకు పట్టుటకు వాని కుమారుడు ఒక రేకుతో కాలువ వంచి యిచ్చినాడు.