వార్డుకు పెద్దదిక్కు

1980 ప్రాంతమున అమెరికా దేశపు ఆస్పత్రులలో నర్సులకు తీవ్రమైన కొరత యేర్పడి, చేరినవారు చేరినట్లే వెడలిపోవుచుండగా, ఖాళీలను నింపుటయే యాజమాన్యములకు నిత్యకృత్యమైపోయెను. వెళ్ళినవారు ఎందులకు వెళ్ళిరని అందరును విచారించుచున్న ఆ తరుణమున, అమెరికన్ అకాడమీ ఆఫ్ నర్సింగ్ వారు ప్రశ్నను తిరగవేసి, నిలిచినవారు ఎందులకు నిలిచిరని అడిగిరి. 163 ఆస్పత్రులను పరిశీలించి, వానిలో 41 మాత్రము నర్సులను ఆకర్షించుటయే గాక నిలుపుకొనగలుగుచున్నవని తేల్చి, 1983లో వెలువరించిన గ్రంథమున వానికి ‘మాగ్నెట్ హాస్పిటల్స్’, అనగా అయస్కాంతపు ఆస్పత్రులు, అని పేరిడిరి.

ఆ 41 చోట్ల జీతములు తక్కువేమియు గావు. అయినను అచ్చటి నర్సులు జీతముతోబాటు మరికొన్నింటిని కూడ చెప్పిరి: నర్సింగ్ విభాగపు అధిపతి వార్డులలో కానవచ్చును, మాట వినును; వార్డు సంగతులు వార్డులోనే తేలును; డ్యూటీ వేళలలో కొంత వెసులుబాటు గలదు. పైయధికారుల ఆజ్ఞలకును, క్రిందివారి అలసటకును నడుమ నిలుచునది హెడ్ నర్సు కావున, ఈ సుగుణములన్నియు సిబ్బందికి అందుటయో అందకపోవుటయో తుదకు ఆమె చేతిమీదుగానే జరుగును.

నాయకత్వ రీతులను గూర్చి 1978లో జేమ్స్ మెక్‌గ్రెగర్ బర్న్స్ ప్రారంభించిన విచారణను 1985లో బెర్నార్డ్ బాస్ విస్తరించెను. పనివారి శక్తిని గుర్తించి వారిని ఉన్నతలక్ష్యములవైపు నడుపునది ఒక రీతి; చేసినపనికి ప్రతిఫలము, తప్పినపనికి దండనము అను బేరము మరియొక రీతి; పేరునకు పదవియందుండి ఏమియు పట్టించుకొనకుండుట మూడవది. నైట్ డ్యూటీలో, ఇద్దరు చేయవలసిన పని నొక్కతెయే చేయుచు, ఒక స్టాఫ్ నర్సు మందు మోతాదులో పొరబడినదనుకొందము. తెల్లవారగనే పదిమంది యెదుట ఆమెను గద్దించి సంజాయిషీ వ్రాయించుకొను హెడ్ నర్సు క్రమశిక్షణను నిలిపితినని తలచును గాని, ఆ వార్డులో మరునాటినుండి పొరపాట్లు తగ్గవు, వెల్లడియగుట తగ్గును. రోగిని చూచుకొన్న పిమ్మట, ఆ నర్సును వేరుగా పిలిచి, ఎట్లు జరిగినదో అడిగి, రెండవ మనిషి యెందులకు లేకపోయెనో పైవారిని నిలదీయునామె వద్దనైతే తప్పు దాగదు, మనిషియు కుంగదు. పట్టనితనముగల మూడవరకపు అధికారిణి, నా దృష్టిలో, గద్దించునామెకంటెను ప్రమాదకారిణి; ఏలనన, గద్దింపు నెదిరింపవచ్చును, శూన్యము నెదిరించుటకు వీలులేదు.

కెనడా దేశమున గ్రెటా కమింగ్స్ బృందము 53 అధ్యయనములను క్రోడీకరించి 2010లో ప్రకటించిన సమీక్షయు ఇట్లే తేల్చినది: మనుష్యులను, సంబంధములను లక్ష్యపెట్టు నాయకత్వము క్రింద నర్సుల ఉద్యోగతృప్తి హెచ్చు, కేవలము పనిపూర్తినే చూచు నాయకత్వము క్రింద తక్కువ.

అయితే ఈ సత్యమును యాజమాన్యములు తమకు చౌకగా మలచుకొను ప్రమాదము లేకపోలేదు. పెన్సిల్వేనియాలోని 168 ఆస్పత్రులను పరిశీలించి 2002లో లిండా ఎయికెన్ ప్రభృతులు వెల్లడించిన లెక్కల ప్రకారము, ఒక్కొక్క నర్సుపై అదనముగా పడు ప్రతి రోగితోను ఆమె మానసికముగా అలసి సొలసిపోవు అవకాశము నూటికి 23 వంతులును, ఉద్యోగమున అసంతృప్తి 15 వంతులును పెరుగును. శస్త్రచికిత్స పొందిన రోగులు ముప్పది దినములలో మరణించు అవకాశమును 7 వంతులు పెరుగును. ఎంతటి సౌజన్యవతియైన హెడ్ నర్సైనను, లేని మనుష్యులతో డ్యూటీ చార్టు నింపజాలదు. సెలవు మంజూరు చేయు అధికారమైనను లేక, వార్డులోని ప్రతి లోపమునకు తానే జవాబుదారియై, తుదకు ఆమెయే రాజీనామా వ్రాయుటయు గలదు.

కావున ఆస్పత్రులను నడుపువారికి నా మనవి యిది: హెడ్ నర్సులకు నాయకత్వ శిక్షణ ఇప్పింపుడు, మంచిదే, కాని దానికి మునుపు ఖాళీలను నింపి, డ్యూటీలను, సెలవులను నిర్ణయించు అధికారమును నిజముగా వారి చేతికిండు.