ఆ చొక్కా ఆ రోజుదేనా?

మైదానంలో ఆటగాడు నిజంగా తొడుక్కుని ఆడిన బేస్‌బాల్ చొక్కాను అమెరికా సేకర్తలు ‘గేమ్ వోర్న్’ జెర్సీ అంటారు. అతని కోసమే కుట్టించినా ఆటలో ఒంటిమీదికి ఎక్కనిది ‘గేమ్ ఇష్యూడ్’. అభిమానుల కోసం దుకాణాల్లో అమ్మేది మూడో రకం. మూడూ పక్కపక్కన పెడితే ఒకేలా ఉండొచ్చు గానీ, ధరల్లో మాత్రం నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా.

పాతకాలంలో ఈ చొక్కాలు జట్టు ఆస్తి. సీజను ముగిస్తే వాటిని కింది స్థాయి లీగుల జట్లకు పంపేవారు. అక్కడ పాత అక్షరాలు విప్పేసి, కొత్తవి కుట్టి, చిరిగేదాకా వాడేవారు. అందుకే దొరికిన పాత చొక్కాల్లో చాలావాటి మీద విప్పిన కుట్ల రంధ్రాలు ఉంటాయి. విప్పిన చోట మళ్లీ పాత జట్టు పేరు కుట్టించి అమ్మడం తప్పేమీ కాదు, ఆ సంగతి చెప్పి అమ్మితే.

పరిశీలన బట్టతో మొదలవుతుంది. 1970 జులైలో పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు పాలిస్టర్ అల్లిక దుస్తులకు మారేదాకా అందరివీ ఉన్ని ఫ్లానెల్ చొక్కాలే. మరికొన్నేళ్లలో ఫ్లానెల్ కనుమరుగైంది. యాంకీస్ జట్టు వీపు మీద అంకెలు వేసుకోవడం 1929లో మొదలుపెట్టింది. ఆటగాడి పేరు వీపుకెక్కింది 1960లో, షికాగో వైట్ సాక్స్ చొక్కాలతో. కాబట్టి 1925 నాటిదంటూ వచ్చిన యాంకీస్ చొక్కా వీపున మొదటినుంచీ అంకె ఉందంటే, ఇక చూడాల్సిందేమీ ఉండదు. తయారీదారు పట్టీ, కాలరు లోపలో అంచునో దారంతో కుట్టిన ఆటగాడి పేరు, అతని కొలతలు తర్వాతి సాక్ష్యాలు. మరకలకూ మాపులకూ విలువ ఉంది గానీ, వాటిని అతిగా నమ్మకూడదు. చొక్కాను మట్టిలో పొర్లించడం ఎవరికైనా చేతనైన పనే.

దొంగ చేతికి లొంగనిది ఫొటో. అక్షరాలను మనుషులు కుట్టేవారు కాబట్టి ఏ రెండు చొక్కాలూ అచ్చంగా ఒకేలా రావు. ఒక చొక్కాపై అక్షరం రవ్వంత వాలి ఉంటుంది, గుండీకీ అక్షరానికీ మధ్య దూరం ఒక్కోదానిలో ఒక్కోలా ఉంటుంది, కుట్టు దగ్గర బట్ట ముడతపడుతుంది. నిలువు చారల చొక్కా అయితే పరిశీలకుల పంట పండినట్టే: ఏ చార ఏ అక్షరాన్ని ఎక్కడ తాకుతుందో వేలిముద్రలా పనికొస్తుంది. ఆట నాటి ఫొటోను పెద్దది చేసి చూసినప్పుడు ఈ గుర్తులన్నీ కలిస్తేనే ‘ఫొటో మ్యాచ్’ అంటారు. అదే నమూనా, అదే కాలం అని మాత్రమే తేలితే అది ‘స్టైల్ మ్యాచ్’. వేలం పుస్తకాల్లో ఈ రెండు మాటలనూ జాగ్రత్తగా విడదీసి చదవాలి.

యాంకీస్ ఆటగాడు బేబ్ రూత్ బూడిదరంగు చొక్కా దీనికి మంచి ఉదాహరణ. 1932 వరల్డ్ సిరీస్ తుది పోరు మూడో ఆటలో, షికాగోలోని రిగ్లీ ఫీల్డ్‌లో, స్కోరు 4-4 ఉండగా అతను చెయ్యెత్తి ఏదో సైగ చేశాడు. ఆపైన ప్రత్యర్థి చార్లీ రూట్ విసిరిన బంతిని సెంటర్ ఫీల్డ్ అవతలికి కొట్టాడు. ‘చెప్పి కొట్టిన షాట్’గా అది పురాణమైంది. ఆ చొక్కా 2005లో దాదాపు 9 లక్షల 40 వేల డాలర్లు పలికింది. తర్వాత ఆ ఆట ఫొటోలతో సరిపోల్చి నిపుణులు నిర్ధారించాక, 2024 ఆగస్టులో హెరిటేజ్ సంస్థ వేలంలో 2 కోట్ల 41 లక్షల డాలర్లు దాటింది. బట్ట అదే, తేదీ గట్టిపడింది. రూత్ నిజంగా మైదానం అంచుకే వేలు చూపాడా, గేలిచేస్తున్న ప్రత్యర్థుల వైపా అన్నది ఏ కుట్టూ చెప్పలేదు.

ఆటగాడే అమ్మితే ఇంత శ్రమ ఉండదు. వరల్డ్ సిరీస్‌లో ఏకైక పర్ఫెక్ట్ గేమ్ (ప్రత్యర్థుల్లో ఒక్కరినీ బేసు చేరనివ్వని ఆట) విసిరిన డాన్ లార్సెన్, 1956 నాటి ఆ దుస్తులను మనవల కాలేజీ చదువుల కోసం 2012లో 7 లక్షల 56 వేల డాలర్లకు అమ్మాడు.

1990లలో నకిలీ సంతకాల ముఠాలపై ఎఫ్‌బీఐ జరిపిన ‘ఆపరేషన్ బుల్‌పెన్’ మార్కెట్‌ను కుదిపేసింది. దాంతో 2001లో మేజర్ లీగ్ బేస్‌బాల్ సొంత ధ్రువీకరణ పథకం మొదలుపెట్టింది. పోలీసు ఉద్యోగంలో ఉన్నవారో, మాజీలో మైదానంలోనే ఉండి, కళ్లతో చూసిన వస్తువుకే హోలోగ్రామ్ స్టిక్కరు అంటిస్తారు. పీకితే చెడిపోయే ఆ స్టిక్కరు మీది సంఖ్యతో ఎవరైనా వస్తువు చరిత్ర చూసుకోవచ్చు.

ఆటగాళ్ల బొమ్మల కార్డులు అమ్మే కంపెనీలది వేరే దారి. 2003లో డోన్రస్ సంస్థ రూత్ చొక్కా ఒకటి 2 లక్షల 64 వేల డాలర్లకు కొని, ముక్కలుగా కత్తిరించి కార్డుల్లో అతికించింది. సేకర్తలు మండిపడడంలో న్యాయం ఉంది: అంగుళం ముక్కను ఏ ఫొటోతో పోల్చగలం? అలాంటి కంపెనీలకు దొంగ జెర్సీలు అంటగట్టిన వ్యాపారులు కోర్టుల్లో నేరం ఒప్పుకున్న సందర్భాలూ ఉన్నాయి. 2023 నుంచి మేజర్ లీగ్‌కు కొత్తగా వచ్చిన ఆటగాడు మొదటి ఆటలో చొక్కా చేతిమీద ప్రత్యేక పట్టీ ధరిస్తున్నాడు. ఆట అయ్యాక దాన్ని విప్పి, ధ్రువీకరించి, టాప్స్ సంస్థ ఒకే ఒక్క కార్డులో పెడుతుంది. పైరేట్స్ ఆటగాడు పాల్ స్కీన్స్ పట్టీ ఉన్న కార్డు 2025 మార్చిలో 11 లక్షల డాలర్లకు పైగా పలికింది.