అడుగు చూసి పడవ కొనాలి

పాంటూనా, వీ-హల్లా? సొంత బోటు మీద మనసుపడ్డ ప్రవాస కుటుంబాలు ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

అట్లాంటాకు ఉత్తరాన ఉన్న లేక్ లేనియర్ సుమారు 38 వేల ఎకరాల జలాశయం. 1950ల్లో చట్టహూచీ నదిపై బ్యూఫర్డ్ డ్యామ్ కట్టడంతో ఏర్పడింది. దాన్ని ఆనుకునే ఉన్న ఫోర్సిత్ కౌంటీలో తెలుగువాళ్లు చాలామందే స్థిరపడ్డారు. బోటు కొందామని షోరూముకెళ్తే చూపులన్నీ సీట్ల మీదికి, స్పీకర్ల మీదికి పోతాయి. ప్రయాణం ఎలా సాగేదీ తేల్చేది మాత్రం నీళ్లలో మునిగి ఉండే అడుగుభాగమే.

నీళ్ల మీద అరుగు

మూసిన అల్యూమినియం గొట్టాల మీద చదునైన డెక్ పరిస్తే పాంటూన్. మిన్నెసోటా రైతు ఆంబ్రోస్ వీరెస్ 1950ల తొలినాళ్లలో ఇనుప పీపాల మీద చెక్క డెక్ బిగించి ఇలాంటిది తయారుచేశాడు. గొట్టాలు రెండంచులా ఉండటంతో నలుగురూ ఒకే పక్కకు చేరినా పెద్దగా ఒరగదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ కూడా రేవు మీంచి నేరుగా లోపలికి నడిచి వెళ్లొచ్చు.

చిక్కల్లా గాలితోనే. ఎత్తయిన రెయిలింగుకు గాలి తగిలితే రేవుకు చేర్చడం కష్టం. పెద్ద అల ఎదురైతే ముక్కు మునిగి డెక్ మీదికి నీళ్లొస్తాయి. మూడు గొట్టాల ట్రైటూన్ ఈ లోపాల్ని కొంత సరిదిద్దుతుంది, ధర మాత్రం పెరుగుతుంది.

అలను చీల్చే వీ

1960 మయామీ–నసావు బోటు పందెంలో, పోటెత్తిన సముద్రం మీద రే హంట్ డిజైన్ చేసిన 'మాపీ' బోటు గెలవడంతో డీప్-వీ అడుగుకు, అంటే లోతైన V ఆకారపు హల్‌కు, పేరొచ్చింది. నడుమ నుంచి పక్కలకు బాగా ఏటవాలుగా లేచే ఈ అడుగు అలను చీలుస్తుంది, నడుముకు కుదుపు తగ్గిస్తుంది. కానీ అదే బోటును ఆపి ఉంచితే పక్కలకు ఊగుతుంది. నీటి మీదికి లేచి పరుగందుకోవడానికి ఇంజిను బలమూ ఎక్కువే కావాలి.

ఎవరికి ఏది?

ఇంటిల్లిపాదీ టిఫిన్ డబ్బాలతో బయల్దేరి ఒక మూల లంగరేసి ఈత కొట్టేవాళ్లయితే పాంటూన్. పిల్లలు స్కీయింగ్ అడుగుతున్నా, ఏడాదికోసారి సముద్ర తీరానికి లాక్కెళ్లాలనుకున్నా వీ-హల్. రెండూ కావాలంటే ట్రైటూన్ ధర అడిగి చూడండి. తీరానికి మాత్రం అదీ వద్దు.

ఏది కొన్నా జార్జియాలో 13 ఏళ్లలోపు పిల్లలకు బోటు కదులుతున్నంతసేపూ లైఫ్ జాకెట్ ఉండాల్సిందే. పాంటూన్ ముందు గేటు దాటి ఎవరినీ కూర్చోనివ్వొద్దు. అక్కడ జారితే గొట్టాల మధ్య నుంచి ప్రొపెల్లర్ వైపే పోతారు.

అమ్మేవాళ్లు ప్రశాంతమైన ఉదయాన తిప్పి చూపిస్తామంటారు. మీరు శనివారం మధ్యాహ్నం కావాలనండి. పెద్ద బోట్ల అలలతో సరస్సు గజిబిజిగా ఉన్న వేళ, ఇంటివాళ్లందర్నీ ఎక్కించి నడిపి చూశాకే బేరం మాట్లాడండి.