రంగస్థలం నుంచి సాంకేతిక సారథ్యానికి
సురభి గడ్డ చెప్పే పాఠం.. ఎల్‌.వి.ప్రసాద్‌ నడిచిన బాట

కడప: ముఖానికి రంగు పూసుకున్న నటుడు యంత్రాలతో నడిచే సంస్థకు సారథి కాగలడా? వానలు ముఖం చాటేసిన ఏడాది సీమ పల్లెల్లో నాటకానికి ఆదరణ తగ్గుతుంది. తిరునాళ్ల వేదికలు కరవైతే కళాకారుల ఇంట పొయ్యి వెలగడమే కష్టమవుతుంది. అటువంటి కుటుంబాలకు వృత్తి మార్పు సరదా కాదు, అవసరం. ఇన్నేళ్ల సాధన వృథా అవుతుందేమోనన్న భయమే వారిని వెనక్కు లాగుతుంది. ఆ భయం అక్కర్లేదని తెలుగు నాటక, సినీ చరిత్ర చాటుతోంది.

వేదికే పనిశాల
చక్రాయపేట మండలంలోని సురభి గ్రామం పేరే నాటక సమాజం పేరైంది. తోలుబొమ్మలాట కుటుంబానికి చెందిన వనారస గోవిందరావు ఆధ్వర్యంలో 1885లో ‘కీచకవధ’ ప్రదర్శనతో ఈ సమాజానికి అంకురార్పణ జరిగింది. క్షణాల్లో మారే తెరలు, గాలిలో తేలే పాత్రలు, మంటలు, మాయలు సురభి నాటకాల ప్రత్యేకత. వీటిని నడిపేది కుటుంబ సభ్యులే. ఒక రంగంలో నటించిన వ్యక్తి మరో రంగంలో తాడు లాగుతాడు, దీపాలు చూసుకుంటాడు. తాడు లాగడంలో క్షణం ఆలస్యమైతే గాలిలోకి లేవవలసిన పాత్ర నేల మీదే నిలిచిపోతుంది. సమయపాలన, సమన్వయం, పరికరాలపై పట్టు అక్కడ పసితనం నుంచే అలవడతాయి.

1932లో వెలువడిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో సురభి కమలాబాయి లీలావతిగా నటించారు. అదే చిత్రంలో చిన్న పాత్ర ధరించిన యువకుడు ఎల్‌.వి.ప్రసాద్‌.

మెట్టు మెట్టుగా..
ఏలూరు సమీపంలోని సోమవరప్పాడులో 1908లో జన్మించిన ప్రసాద్‌కు ఊరికి వచ్చే నాటక బృందాలే నటనపై మక్కువ కలిగించాయి. బొంబాయి చేరి, ఓ చిత్ర సంస్థలో చిల్లర పనులు చేస్తూ కాలం నెట్టుకొచ్చారు. 1931లో తొలి హిందీ టాకీ ‘ఆలం ఆరా’లో చిన్న వేషం దక్కింది. అనంతరం సహాయ దర్శకుడిగా పని నేర్చుకున్నారు. 1949లో ‘మనదేశం’ చిత్రంతో ఎన్‌.టి.రామారావును తెరకు పరిచయం చేశారు. కడప జిల్లా పొట్టిపాడుకు చెందిన బి.నాగిరెడ్డి, చక్రపాణిల విజయా సంస్థ తొలి చిత్రం ‘షావుకారు’ (1950)కూ ఆయనే దర్శకుడు. 1956లో సొంత నిర్మాణ సంస్థ ప్రారంభించారు. 1970ల మధ్యలో మద్రాసులో వర్ణచిత్రాల ల్యాబొరేటరీ నెలకొల్పారు.

ల్యాబొరేటరీ అంటే..
చిత్రీకరణ పూర్తయిన ఫిల్మును చీకటి గదిలో రసాయన ద్రావణాల గుండా నడిపించి బొమ్మను రప్పించాలి. ద్రావణం వేడి, అందులో ఫిల్ము ఉండే సమయం కచ్చితంగా ఉండాలి. ఏ కొంచెం తేడా వచ్చినా రంగులు చెడతాయి. వందల మంది వారాల తరబడి పడిన శ్రమ బూడిదలో పోసిన పన్నీరవుతుంది. ప్రసాద్‌ రసాయన శాస్త్రం చదివినవారు కారు. అయితే తెర మీద బొమ్మ ఎలా కనిపించాలో నటుడిగా, దర్శకుడిగా ఎరిగినవారు. నిపుణుల చేత పని చేయించే నేర్పు ఆయన పెట్టుబడి. ఆయన తదనంతరం ప్రసాద్‌ సంస్థలు డిజిటల్‌ సాంకేతికతలోకీ విస్తరించాయి.

ఏది పనికొస్తుంది? ఏది నేర్చుకోవాలి?
తొలి వేషం నుంచి ల్యాబొరేటరీ వరకు ఆయనకు నాలుగు దశాబ్దాలకు పైగా పట్టింది. ఒక్క గెంతులో ఏదీ రాలేదు. నటన, దర్శకత్వం, నిర్మాణం, సాంకేతికత.. ఒక్కో మెట్టు మీద నిలిచి పై మెట్టు పని నేర్చుకున్నారు. జట్టుగా పనిచేయడం, పొరపాటు జరిగినా ప్రదర్శన ఆగకుండా చూడటం, ఎదుటివారికి అర్థమయ్యేలా చెప్పడం.. ఇవి వేదిక ఇచ్చే ఆస్తులు. లెక్కల నిర్వహణ, యంత్రాల పరిజ్ఞానం మాత్రం కొత్తగా నేర్వవలసిందే. చప్పట్లు అప్పటికప్పుడు వినిపించని పనిలో ఓపిక పట్టడం వాటికన్నా కష్టం.

వృత్తి మారినంత మాత్రాన కళ దూరం కానక్కర్లేదు. ల్యాబొరేటరీ అధిపతిగా ఉంటూనే ప్రసాద్‌ 1981లో, 73 ఏళ్ల వయసులో, కమల్‌హాసన్‌ చిత్రం ‘రాజపార్వై’లో తాత పాత్ర పోషించారు. మరుసటి ఏడాది దాదాసాహెబ్‌ ఫాల్కే పురస్కారం ఆయనను వరించింది.

సురభి పుట్టిన కడప జిల్లాలోనే ఇడుపులపాయలో 2008లో ట్రిపుల్‌ఐటీ వెలిసింది. కళాకారుల బిడ్డలకు సాంకేతిక విద్య ఇప్పుడు కనుచూపు మేరలోనే ఉంది. తాత లాగిన తాడును, తండ్రి వేసిన వేషాన్ని చిన్నతనంగా భావించకుండా ఆ గడప దాటితే, వేదిక మీద నేర్చినదే వారికి తొలి అర్హతా పత్రమవుతుంది.