చుక్క వేసే ముందు...

కొండపల్లి బొమ్మల కాలనీలో ఏ వాకిట్లోకి తొంగిచూసినా ఒకటే సందడి. ఒకరు తెల్లపొణికి చెక్కను చెక్కుతుంటారు. ఇంకొకరు విడివిడిగా చేసిన కాళ్లూ చేతుల్ని, చింతగింజల జిగురూ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తుంటారు. సుద్దపూత ఆరాక సన్నటి కుంచెతో రంగులు. దశావతారాలైనా, అంబారీ మీద రాజుగారైనా కనుపాప దిద్దితేనే కళ వచ్చేది. ఆవగింజంత నల్లచుక్క... అది కాస్త పక్కకి జరిగిందా, బొమ్మ ముఖమే మారిపోతుంది!

ఆ చుక్క కుదరాలంటే దిద్దేవారి కళ్లు చల్లగా ఉండాలి. చెక్కే చోట పొట్టు, గీకే చోట దుమ్ము. కంట్లో నలక పడటం వింతేమీ కాదు. కన్ను ఎర్రబడితే? ఏ ఊళ్లోనైనా చాలామంది చేసేది ఒకటే. మందుల షాపుకెళ్లి ‘కంట్లో చుక్కలమందు ఇవ్వండి’ అని అడగడం. అదీ కాదంటే, ఫ్రిజ్‌ తలుపులో కిందటేడాది వాడగా మిగిలిన సీసా ఉండనే ఉంటుంది.

చిక్కంతా ఆ సీసాతోనే.

ఎరుపు ఒకటే... కారణాలు వేరు

కన్ను ఎర్రబడటం ఒక లక్షణమే తప్ప జబ్బు పేరు కాదు. బ్యాక్టీరియా సోకితే చిక్కటి పసుపుపచ్చ పుసి కడుతుంది. తెల్లారి లేచేసరికి రెప్పలు అతుక్కుపోతాయి. వైరస్‌ అయితే నీళ్లు ధారగా కారతాయి, తోడుగా జలుబో గొంతునొప్పో ఉండొచ్చు. అలర్జీ అయితే దురదే దురద. అయితే ఈ గుర్తులు ఒకదానితో ఒకటి కలిసిపోతుంటాయి. అద్దంలో చూసుకుని తేల్చుకోవడం కష్టం.

యాంటీబయోటిక్‌ చుక్కలు పనిచేసేది బ్యాక్టీరియా మీదే. 2023 జులై, ఆగస్టుల్లో తెలుగు రాష్ట్రాలతో పాటు దేశంలో చాలాచోట్ల కళ్లకలక చుట్టేసింది గుర్తుందా? అది చాలామటుకు వైరస్‌ వల్ల వచ్చిందే. అలాంటి కలకకు యాంటీబయోటిక్‌తో పనిలేదు. చన్నీళ్ల కాపడం, శుభ్రత, కాస్త ఓపిక ఉంటే ఒకటి రెండు వారాల్లో అదే సర్దుకుంటుంది. బ్యాక్టీరియా కలక కూడా తేలికపాటిదైతే చాలామందిలో దానంతటదే తగ్గుతుంది. చుక్కలు వేస్తే ఇంకాస్త త్వరగా తగ్గుతుంది. ఏది అవసరమో, ఎన్ని రోజులో చెప్పాల్సింది డాక్టరే.

నల్లగుడ్డుతో ఆటలొద్దు

కలక ఇబ్బందే గానీ చాలాసార్లు చూపు జోలికి రాదు. అసలు ప్రమాదం నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే కార్నియా పొరకి పుండు పడితేనే. చెక్క పెచ్చు ఎగిరిపడినా, డెల్టాలో వరికోతలప్పుడు గడ్డిపరక గీసుకున్నా, నూర్పిళ్లలో ఊక పడినా ఆ పొర గీరుకుపోతుంది. ఆ గీరులోంచి సూక్ష్మక్రిములు లోపలికి దిగుతాయి. దక్షిణ భారతంలో జరిగిన అధ్యయనాల్లో కార్నియా పుండ్లలో దాదాపు సగానికి ఫంగస్‌ కారణమని తేలింది. చెట్టూచేమకు సంబంధించినది ఏది గుచ్చుకున్నా మొదట ఫంగస్‌నే అనుమానిస్తారు.

ఫంగస్‌ని యాంటీబయోటిక్‌ చంపలేదు. ‘మందు వేస్తున్నాంగా’ అన్న ధీమాతో నాలుగు రోజులు గడిచిపోతే పుండు లోతుకి దిగుతుంది. అంతకన్నా ప్రమాదం స్టెరాయిడ్‌ కలిసిన చుక్కలు. డెక్సామెథసోన్‌, ప్రెడ్నిసొలోన్‌, బీటామెథసోన్‌... సీసా మీద ఈ పేర్లలో ఏది కనిపించినా అందులో స్టెరాయిడ్‌ ఉన్నట్టే. వేయగానే ఎరుపు మాయమవుతుంది, నొప్పి తగ్గుతుంది. ‘భలే మందు’ అనిపిస్తుంది. లోపల మాత్రం ఫంగస్‌కి అడ్డు లేకుండా పోతుంది. ఏళ్ల తరబడి సొంతంగా వాడితే కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు, శుక్లాలు వచ్చే ప్రమాదమూ ఉంది.

పుండు మానినా తెల్లటి మచ్చ మిగిలిపోవచ్చు. పల్లెల్లో ‘కంట్లో పువ్వేసింది’ అంటారే, అదే. సరిగ్గా కనుపాప ముందు పడితే చూపు పోయినట్టే. మళ్లీ చూపు రావాలంటే చాలామందికి ఎవరో దానం చేసిన కార్నియా దొరకాలి. ముందుగా వెళ్తే ఇంతదూరం రాదు. పుండు మీది పొరను కొద్దిగా గీకి మైక్రోస్కోపులో చూసి, క్రిమి ఏదో తేల్చి మందు ఇస్తారు. విజయవాడ పక్కనే తాడిగడపలో ఎల్వీ ప్రసాద్‌ నేత్ర విజ్ఞాన సంస్థ ప్రాంగణం ఉంది.

తల్లిపాలు పిండటం, ఆముదం వేయడం, ఆకుపసర్లు పోయడం... వీటితో కొత్త క్రిముల్ని కంట్లోకి పిలిచినట్టే. నలక పడినప్పుడు నలపొద్దు, గుడ్డకొసతో తీయొద్దు. శుభ్రమైన నీళ్లతో ధారగా కడగాలి. గుచ్చుకుని ఉంటే ముట్టుకోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇలా వేసుకోండి

* సబ్బుతో చేతులు కడుక్కోండి. సీసా మీద మందు పేరు, గడువు తేదీ చూడండి.
* తల వెనక్కి వాల్చి, కింది రెప్పను వేలితో కిందికి లాగి, ఆ సందులో ఒక్క చుక్క వేయండి. కన్ను అంతకుమించి పట్టదు. మిగిలింది చెంప మీదికే.
* సీసా మూతి రెప్పకీ వేలికీ తగలకూడదు. తగిలితే క్రిములు సీసాలోకి చేరతాయి.
* కళ్లు మూసుకుని, ముక్కు పక్కన కంటి మూలను ఒకట్రెండు నిమిషాలు మెల్లగా నొక్కిపట్టండి. లేదంటే మందు ముక్కులోకి జారి గొంతు చేదవుతుంది.
* రెండు రకాల చుక్కలుంటే మధ్యలో కనీసం ఐదు నిమిషాలు ఆగండి. ఆయింట్‌మెంట్‌ ఆఖర్న.
* ఒకరి సీసా ఇంకొకరు వాడొద్దు. తువ్వాలు, దిండు కూడా వేరు. కాంటాక్ట్‌ లెన్స్‌లు తగ్గేదాకా మానేయండి.
* ఎరుపు తగ్గిందని మధ్యలో ఆపొద్దు. చెప్పిన రోజులు పూర్తిచేయండి.
* మూత తీసిన తేదీ సీసా మీద రాయండి. మామూలుగా నాలుగు వారాలు దాటితే పారేయాల్సిందే.

ఆలస్యం చేయకూడనివి: చూపు మసకబారడం, గట్టి నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ, దెబ్బ తగలడం, లెన్స్‌ వాడేవారికి ఎరుపు, ఆపరేషనైన కంట్లో ఎరుపు, నెలలోపు పసిబిడ్డ కంట్లో పుసి. వీటిలో ఏది కనిపించినా ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చుక్కలు మొదలుపెట్టి రెండు రోజులైనా తగ్గకపోతే మళ్లీ చూపించుకోవాలి.

పనిచేసేటప్పుడు కళ్లకు అడ్డంగా పెట్టుకునే రక్షణ అద్దాల ఖరీదు పెద్దగా ఉండదు. చెక్క చెక్కేవారికీ, వెల్డింగ్‌ చేసేవారికీ, కోతలకెళ్లేవారికీ అవి కంటికి రెప్పలాంటివే.

బొమ్మ కన్ను కుదరకపోతే తుడిచి మళ్లీ దిద్దొచ్చు. దిద్దేవారి కంటికి ఆ వీలు లేదు.