సగటు జీతం లెక్కలో ఎవరెవరు?

ఒక దేశంలోని శ్రామికుల సంపాదనను ఒకే అంకెలో చెప్పడానికి అందరి ఆదాయాన్నీ కలిపి, ఆ మొత్తాన్ని మనుషుల సంఖ్యతో భాగించగా వచ్చేదే సగటు. పదిమందిలో తొమ్మిదిమందికి నెలకు రూ.15,000 చొప్పున, మిగిలిన ఒక్కరికి రూ.2 లక్షలు వస్తే సగటు రూ.33,500 అవుతుంది గాని, ఆ పదిమందిలో దానికి దగ్గరగా సంపాదించేవారు ఒక్కరూ ఉండరు. అందుకే సంపాదనలను తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా పేర్చినప్పుడు సరిగ్గా నడుమ నిలిచే విలువను, అంటే మధ్యగతాన్ని, ఆర్థికవేత్తలు సగటుతో పాటు పరిశీలిస్తారు. పై లెక్కలో అది రూ.15,000.

భారతదేశంలో ఈ వివరాలను 2017లో మొదలైన పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే సేకరిస్తోంది. దాని ప్రకారం 2024 ఏప్రిల్–జూన్ నెలల్లో నెలజీతం పొందేవారి సగటు సంపాదన రూ.21,103 కాగా, రోజుకూలీల సగటు కూలి రూ.433. నెలకు 26 రోజులు పని దొరికినా కూలీకి అందేది రూ.11,258 మాత్రమే, వానాకాలంలోనూ, కోతలు ముగిశాకా అన్ని రోజుల పని దొరకడం కష్టం కనుక అసలు రాబడి ఇంకా తగ్గుతుంది. పైగా 2023–24లో దేశంలోని శ్రామికుల్లో నెలజీతగాళ్లు సుమారు 22 శాతమే కాగా, రైతులు, చిరువ్యాపారులు, చేతివృత్తులవారు చేరే స్వయం ఉపాధి వర్గం 58 శాతానికి పైగా ఉంది. ఆ వర్గంలో కుటుంబ పొలంలోనో, దుకాణంలోనో పనిచేసే స్త్రీలలో చాలామందికి విడిగా వేతనమంటూ ఉండదు.

పనిచేసే చోటును బట్టి కూడా కూలి మారుతుంది. రిజర్వు బ్యాంకు ప్రకటించిన 2022–23 వివరాల్లో గ్రామీణ వ్యవసాయ కూలీకి రోజుకు కేరళలో సుమారు రూ.764, మధ్యప్రదేశ్‌లో సుమారు రూ.229 దక్కాయి. గల్ఫ్ వలసల వల్ల స్థానికంగా కూలీల కొరత ఏర్పడడం, కార్మిక సంఘాలు బలంగా ఉండడం, చదువుకున్నవారు ఇతర పనుల్లోకి మళ్లడం కేరళలో కూలిని పెంచగా, పొలం పని తప్ప వేరే ఆధారం తక్కువైన చోట కూలీలకు బేరమాడే శక్తి ఉండదు.

సగటు పెరిగినంత మాత్రాన జీతాలు పెరిగినట్లు కాదు. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ వల్ల అమెరికాలో హోటళ్లు, దుకాణాలు మూతపడి తక్కువ జీతగాళ్లు పెద్దసంఖ్యలో ఉపాధి కోల్పోయినప్పుడు, లెక్కలో మిగిలినవారు ఎక్కువ జీతగాళ్లే కావడంతో సగటు గంటవేతనం ఒక్క నెలలోనే 4 శాతానికి పైగా పెరిగింది. కాబట్టి ఏ సగటునైనా నమ్మే ముందు అందులో ఎవరు చేరారో, ఎవరు జారిపోయారో చూడవలసి ఉంటుంది.